చదివిపెట్టిన ఉత్తరం

"ఆ కాగితాలు ముట్టుకోకండి" అన్నాడు కేశవరావు.

సున్నుండల డబ్బా డైనింగ్ టేబుల్ మీద పెట్టబోయిన ఈశ్వరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

కెనడాలోని సర్రీలో తెలుగువాళ్ళిళ్ళకు పిండివంటలు చేసిచ్చే మనిషి ఆమె. కూతురితో కలిసి ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుంటోంది.

కాగితాలు ముట్టుకోలేదు. వంగి చూసింది.

"చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతికి ఆశీర్వదించి వ్రాయునది. ఏలూరు మకాం..." అని చదివింది.

కేశవరావు తెల్లబోయాడు.

ఆయన రిటైరైన డాక్టరు. ఆ పదకొండు ఉత్తరాలూ ఆయన ముత్తాత కాశీవిశ్వనాథం రాసినవి. నూట ముప్ఫై ఏళ్ళ కిందట నాటక కంపెనీతో ఊరూరా తిరుగుతూ, ఆడవేషాలు వేస్తూ, ఇంటి దగ్గరున్న భార్యకు రాసినవి. అంతా గొలుసుకట్టు రాత. మాటకీ మాటకీ సందుండదు. సర్రీ సంగతి సరే, హైదరాబాద్‌లో అడిగించినా చదివేవాళ్ళు దొరకలేదు.

"మీకెలా వచ్చు?"

"మా నాన్న దస్తావేజులు రాసేవాడండి."

సోఫాలో పడుకున్న కేశవరావు తల్లి చంద్రకళ లేచి కూర్చుంది. తొంభై ఏళ్ళ మనిషి. ఆ ఉత్తరాలను ట్రంకు పెట్టెలో దాచుకున్న మామ్మ ఒళ్ళోనే పెరిగింది. మామ్మకు చదువు రాదు. వాటిల్లో ఏముందో మామ్మ ఎన్నడూ చెప్పలేదు.

"మామ్మ గురించి తాతయ్య ఏమన్నా రాశాడేమో చూడు తల్లీ" అంది చంద్రకళ.

అలా రెండు నెలలు, ప్రతి బుధవారం ఈశ్వరమ్మ వచ్చి చదివింది. కేశవరావు లాప్‌టాప్‌లో టైపు చేసుకున్నాడు. మధ్యమధ్యలో ఆమె ఆగేది.

"ఏమైంది? చదవండి."

"ఇంకు పాకిందండి."

చంద్రకళ ముఖం వైపు ఒకసారి చూసి, మళ్ళీ కాగితం మీదికి వంగేది.

పదకొండో ఉత్తరం దగ్గర చాలాసేపే ఆగింది. తర్వాత నెమ్మదిగా చదివింది.

"రోజూ చీర కట్టి సీత వేషం వేయుచున్నాను. కుచ్చెళ్ళు పెట్టుకొనునప్పుడెల్ల నీ చేతులే జ్ఞాపకం వచ్చును. నీవు వాకిట నిలబడి ఎదురుచూచినట్లే నేను రంగము మీద ఎదురుచూచుచున్నాను. జనులు దానిని నటన అనుకొనుచున్నారు."

చంద్రకళ కళ్ళు తుడుచుకుంది.

"అయితే మామ్మ సుఖపడిందన్నమాట" అంది.

ఆ తర్వాత ఆ నాలుగు మాటలే కొడుకుచేత మళ్ళీమళ్ళీ చదివించుకుంది. ఆ చలికాలంలోనే పోయింది.

కేశవరావు ఉత్తరాలను పుస్తకంగా వేయించాడు.

"ఈశ్వరమ్మగారి పేరు కూడా వేద్దామండీ" అంది భార్య పద్మ.

"చదివిపెట్టింది, అంతేగా. రాసింది మా ముత్తాత."

ఉగాది సభలో ఆయన సీత వేషం మాటలు చదివితే హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన మెడలో దండ వేశారు. వెనక వంటగదిలో పులిహోర సర్దుతున్న ఈశ్వరమ్మ చేతులు తుడుచుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"నాకో పుస్తకం ఇస్తారాండి?"

"గెస్టులకివ్వాలి. మిగిలితే చూద్దాం."

రెండు అట్టపెట్టెలు మిగిలాయి. ఆయనకు గుర్తు రాలేదు.

జులైలో టొరంటో నుంచి సుధామయి అనే అమ్మాయి ఫోన్ చేసింది. పాత నాటక కంపెనీల నటులు రాసుకున్న ఉత్తరాల మీద రీసెర్చ్ చేస్తోంది. ఆయన దగ్గర స్కాన్లు తెప్పించుకుంది.

"అంకుల్, సీత వేషం పేరా ఏ లెటర్లో ఉంది?"

"ఆఖరిదాంట్లో అమ్మా."

"అందులో లేదంకుల్. పదకొండూ రెండుసార్లు చెక్ చేశాను. ఎక్కడా లేదు."

"మరేముంది?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"నెయ్యి పంపమని, పట్టుపంచె పంపమని ఉంది. ఆఖరిదాంట్లో... బందరులో ఇంకొకావిడతో కాపురం పెట్టాట్ట. ఇక ఎదురుచూడొద్దు, పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి పొమ్మన్నాడు. సారీ అంకుల్."

కేశవరావు ఫోన్ పెట్టేశాడు. నాలుగు వందల మంది ముందు చదివాడు. ఒక వంటమనిషి తనచేత అబద్ధం చదివించింది.

వెంటనే కారు తీశాడు. నాలుగు మాటలు అనేసి రావాలనుకున్నాడు.

బేస్‌మెంట్ తలుపు ఈశ్వరమ్మ కూతురు మధుమిత తీసింది.

"అమ్మ పోయి ఇరవై రోజులైంది అంకుల్. హార్ట్ ఎటాక్. మీకు మెసేజ్ పెట్టాను."

ఆయన చూడలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. అనాలని తెచ్చుకున్న మాటల్లో ఒకటే బయటికొచ్చింది.

"మీ అమ్మకి అసలా రాత చదవడం వచ్చా?"

"బాగా వచ్చు" అంది మధుమిత. "మా వీధిలో సగం మంది మగాళ్ళు గల్ఫ్‌లో ఉండేవాళ్ళు. చదువురాని ఆడవాళ్ళందరికీ అమ్మే ఉత్తరాలు చదివిపెట్టేది. అమ్మ చదివినన్నాళ్ళూ మా వీధిలో చెడ్డ మొగుడు ఒక్కడూ లేడు."

కేశవరావు తల వంచుకున్నాడు. తన తల్లిని తృప్తిగా పంపిన మాటలు ఎవరివో, ఎవరి దండ తన మెడలో వేయించుకున్నాడో అప్పటికి తెలిసింది. ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాడు.

"మరి మీ నాన్నగారు?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

"నాన్న కూడా మస్కట్ వెళ్ళాడు. ఇక రానని, అక్కడే ఇంకెవరితోనో ఉంటున్నానని రాశాడు. ఆ ఉత్తరం మాత్రం అమ్మే చదువుకోవాల్సొచ్చింది అంకుల్, చదివిపెట్టేవాళ్ళు ఎవరూ లేక."