సదానందం ఆరు మాటలు

పైకి తెచ్చిన స్ట్రెచర్ మీద సదానందం ముఖానికి తువ్వాలు కప్పి ఉంది.

తువ్వాలు కదులుతోంది.

గని గేటు దగ్గర నిలబడిన అతని భార్య జమున అది చూసింది. అప్పటిదాకా ఏడవనిది, అప్పుడు ఏడ్చింది.

జైపాల్ కూడా చూశాడు. సదానందానికి దోస్తు. అంబులెన్సు తలుపు వేసేలోపు లోపలికి వంగి, తువ్వాలు పక్కకు తీశాడు.

"సదన్నా, నీ ఆరు చెప్పు. జల్ది చెప్పన్నా."

సదానందం కళ్లు తెరవలేదు.

ఆ మాట అక్కడున్న పోలీసుకు అర్థం కాలేదు. జమునకు అర్థమైంది.

గోదావరిఖనిలో బిట్‌కాయిన్ పేరు ఎవరికీ తెలియని రోజుల్లో, గేటు ఎదుటి చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లు కలిసి కొన్నారు. అందరిదీ ఒకటే ఖాతా. అది తెరవాలంటే పన్నెండు ఇంగ్లీషు మాటలు వరుసగా కావాలి. మాటలు పోతే ఖాతా పోయినట్టే. అడగడానికి ఆఫీసు ఉండదు, మొర పెట్టుకోవడానికి ఆఫీసరు ఉండడు.

రాసి పెడితే ఎవరో ఒకరు చూస్తారని రాయలేదు. మొదటి ఆరు జైపాల్ నేర్చుకున్నాడు. చివరి ఆరు సదానందం.

వాటా అమ్ముకోవాలన్నా ఖాతా ముట్టరు. అమ్మేవాడు చాయ్ పోయిస్తాడు. కొనేవాడు తాగుతాడు. మిగతావాళ్లు చూస్తారు. అంతటితో వాటా చేతులు మారినట్టే.

మాటలు తెలిసిన ఇద్దరూ ఒకే షిఫ్టులో దిగకూడదని కట్టుబాటు. ఒకే ఇంటి అన్నదమ్ములు ఒకే షిఫ్టుకు పోరు గదా, అలాగే. సదానందం పొద్దుటి షిఫ్టు, జైపాల్ రెండో షిఫ్టు.

ఇద్దరిలో ఒక్కడు పోయినా ఖాతా పోయినట్టేనని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. ఈ పొద్దున గని కప్పు కూలాక తట్టింది.

కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టరు రక్తం కావాలన్నాడు. జమున వెనక్కి తిరిగేసరికి ఖాతాలో వాటా ఉన్నవాళ్లంతా వరుసలో ఉన్నారు.

సెల్‌ఫోన్లు బాగుచేసే జహంగీర్ చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. వెనక ఆగయ్య నిలబడ్డాడు. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి.

"నువ్వెందుకు కాకా? నీ ఒంట్ల రక్తమేడిది, బొగ్గుపొడేనాయె."

"నీ ఒంట్ల ఏముంది రా, ఛార్జింగేనా? జరుగు."

నర్సు నవ్వింది. జమునకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి ఆపరేషన్ అయింది. తెల్లారి కూడా వాళ్లు కదల్లేదు. మందులకు ఒకరు, అన్నానికి ఒకరు, గది ముందు బెంచీ మీద ఒకరు. జైపాల్ డ్యూటీకి నాగా పెట్టాడు. జహంగీర్ దుకాణం తెరవలేదు.

జమునకు అదే గనిలో పనిచేసిన కిషన్ గుర్తొచ్చాడు. పోయినేడు అతని మీదా బండ పడింది. మొదటి రోజు వరండా నిండా మనుషులు. తర్వాత అతని భార్య రమ ఒక్కతే. రెండో ఆపరేషన్ నాడు రక్తం ఇచ్చే మనిషి కోసం ఆమె బస్టాండ్ దాకా పోయింది. తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

"మీ ఆయనకు ఇంకో ఆపరేషన్ ఉంటుందమ్మా," అన్నాడు డాక్టరు. "రక్తం ఇంకా పడుతుంది. మీవాళ్లను దగ్గర పెట్టుకోండి."

నీళ్ల సీసా నింపుకుని వస్తుంటే గోడ అవతల ఆగయ్య గొంతు వినిపించింది.

"ఎన్నొద్దులు గిట్ల కూసుందం రా?"

"ఆ ఆరు చెప్పనియ్యి కాకా. చెప్పినంక ఎవని ఇంటికి వాడు పోవుడే."

అది జైపాల్ గొంతు.

ఆమె సీసా మూత బిగించుకుని, వాళ్ల ముందు నుంచే గదిలోకి పోయింది.

మధ్యాహ్నం సదానందం కళ్లు తెరిచాడు.

"జమునా."

"ఉన్న. ఈడనే ఉన్న."

"మనోళ్లు వచ్చిండ్రా?"

"అందరొచ్చిండ్రు."

"పాపం, ఫికర్ పడుతుంటరు." అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "నేను చెప్త, నువ్వు విను. పోయి వాళ్లకు చెప్పు."

"జర ఆగు. తర్వాత చెప్పొచ్చు."

"మళ్ల నాకు తెలివి ఉంటదో ఉండదో."

ఆమె చెవి అతని నోటి దగ్గర పెట్టింది. గనిలో కప్పుకు బోల్టులు బిగిస్తూ, బోల్టుకు ఒకటి చొప్పున అతను రోజూ చెప్పుకున్న మాటలు. తడబడకుండా ఆరూ చెప్పాడు. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. ఆరూ తిరిగి అప్పజెప్పింది. ఒకటి తప్పు పలికితే దిద్దాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

తలుపు అద్దంలోంచి జైపాల్ చూస్తున్నాడు.

"మాట్లాడుతున్నడు రా!" అని వెనక్కి తిరిగి అరిచాడు.

ఆమె తలుపు తీసేసరికి అందరూ లేచి ఉన్నారు. జహంగీర్ చేతిలో కారు తాళాలున్నాయి. ఆగయ్య రాత్రి కప్పుకున్న దుప్పటి మడతపెడుతున్నాడు.

"చెప్పిండా వదినె?"

ఆరు మాటలూ జమున నాలుక మీద వరుసగా ఉన్నాయి.

"లాడర్," అంది.

జైపాల్ పెదవులు కదిపి దాన్ని లోపల పెట్టుకున్నాడు. "ఊఁ. ఇంకా?"

"గదొక్కటే యాదికొచ్చింది."

ఆమె చేతులు కొంగులో చుట్టుకుంది.

"రేపింకోటి యాదికొస్తదేమో, అడుగుదం," అంది.

ఆగయ్య దుప్పటి మడత విప్పి బెంచీ మీద పరిచాడు.