హాటీ అత్తయ్య యాభయ్యో దాడి

పనిముట్ల పెట్టెలో పది పానాలుండాలి. తొమ్మిదే ఉన్నాయి.

మెకానిక్ ఆర్విల్ మూడోసారి లెక్కపెట్టాడు. అతను తెల్లవారుజామునే లేచి సిద్ధం చేసిన బాంబరు విమానం ‘హాటీ అత్తయ్య’ ఇంగ్లండులోని ఆ అమెరికన్ స్థావరం నుంచి జర్మనీ వైపు ఎగిరి అరగంటయింది. పానా ఏ ఇంజన్లోనో ఉండిపోతే, కుదుపులకి ఏ గొట్టమో పగులుతుంది. లోపల పదిమంది కుర్రాళ్లు.

అప్పుడే చెబితే వెనక్కి పిలిచేవారు. కానీ నలభై తొమ్మిది దాడుల్లో హాటీ అత్తయ్య ఒక్కసారి కూడా ఇంజను బాగాలేదని దారిలోంచి తిరిగి రాలేదు. ఆర్విల్ పరువంతా అందులోనే ఉంది. ఆమెకి పదకొండు ఇంజన్లు మార్చాడు. తూటాల చిల్లులకి రేకు మాసికలు వేశాడు. ముక్కు మీద నలభై తొమ్మిది పసుపు బాంబుల బొమ్మలు తనే గీశాడు. యాభయ్యో దానికి రంగు కూడా కలిపి పెట్టుకున్నాడు.

అందుకే నోరు మెదపలేదు. గంట దాటాక చెప్పినా లాభం లేదు, విమానాలు రేడియోకి అందనంత దూరం వెళ్లిపోయాయి.

పక్క విమానం మెకానిక్ వర్నన్ వచ్చి గడ్డిలో కూలబడ్డాడు. అతని కుడిచేతికి కట్టుంది. సంగతి విని ఎడంచేత్తో సిగరెట్ అందించాడు.

“ఊరుకోరా. మీ ముసలిదానికి చావు లేదు. ఆ పానా కూడా మింగి అరిగించుకుంటుంది.”

“వాళ్లు చస్తే నేను చంపినట్టేరా వర్నన్!”

“నోర్ముయ్. కాఫీ తాగు.”

తాగలేకపోయాడు. ఎన్నడూ లేనిది మోకాళ్ల మీద కూర్చున్నాడు. “వాళ్లని దింపెయ్ దేవుడా. నన్నేమైనా చేసుకో.”

మూడింటికి మోత వినిపించింది. వెళ్లినవి పద్దెనిమిది. ఒక్కొక్కటే దిగుతున్నాయి. పదిహేడోది హాటీ అత్తయ్య.

పదిమందీ దిగారు.

“ఏం బాబాయ్, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్? బ్రహ్మాండంగా ఎగిరింది!” అన్నాడు పైలట్. ఆర్విల్ అతన్ని కావలించుకుని బావురుమన్నాడు.

సాయంత్రానికి నాలుగు ఇంజన్లూ విప్పి చూశాడు. పానా లేదు. రోజంతా ఉత్తపుణ్యానికి చచ్చానని నవ్వుకుంటూ పసుపు రంగు డబ్బా తీశాడు.

వర్నన్ ఇంకా ఆకాశం వైపే చూస్తున్నాడు. అతని విమానం రాలేదు.

“దొరికిందా?” అన్నాడు తల తిప్పకుండానే.

“లేదురా. దీంట్లో లేనే లేదు.”

“పొద్దున నా చెయ్యి కాలితే మా నాలుగో ఇంజను నువ్వే బిగించిపెట్టావు కదరా, ఆ పానాతోనేనా?”