రాళ్ల మధ్య గీత

"ఇది చేయించిందెవరో గానీ గట్టి మనిషండీ," అన్నాడు మేస్త్రి, బాత్రూం గోడమీద రెండు పాలరాళ్ల మధ్య గోరు ఆనించి. "సందులు సన్నగా పెట్టించి, వాటిలో నింపే గ్రౌటు ఇసుక లేకుండా రాతి రంగులోనే కలిపించారు. ఇన్నేళ్లయినా ఒక్క గీరు పడలేదు."

చేయించింది ఇంటాయన మొదటి భార్య, చనిపోయినావిడ. వింటున్న రెండో భార్యకు ఒళ్లు మండిపోయింది. ఈ ఇంట్లో గోడలు కూడా ఆవిడ పాటే పాడతాయి!

"పైపు కోసం తీసిన నాలుగు రాళ్లూ అలాగే పెట్టనా అమ్మా?"

"వద్దు. మొత్తం పీకెయ్యండి. వెడల్పు సందులు, నల్ల గ్రౌటు!"

అంతలో భర్త తొంగిచూశాడు.

"ఏమండీ, పాత గీతలే ఉంచమంటారా?" అడిగింది ఉక్రోషంగా.

"గీతలా?" గోడకేసి కొత్తగా చూశాడాయన. "పన్నెండేళ్లుగా ఇక్కడే స్నానం చేస్తున్నా, ఎప్పుడూ చూడలేదే. ఏదో ఒకటి కానివ్వు."

ఆయన వెళ్లిపోయాడు. తను నెల్లాళ్లు తిరిగి ఏరి తెచ్చిన కర్టెన్లు చూపించినప్పుడూ ఇదే మాట అన్నాడు.

మేస్త్రి సుత్తి ఎత్తాడు. ఆమె చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. ఆ నాలుగూ అక్క పెట్టించినట్టే పెట్టండి."