గుమ్మంలో అడిగిన మాట

హోటల్ గాజు తలుపు దగ్గరున్న అమ్మాయిని సూయే గొంతు తగ్గించి ఏదో అడిగింది. ఆ అమ్మాయి నవ్వి తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడొద్దు. పద," అంది సూయే, మొగుడి దగ్గరికి వచ్చి.

మన్‌చాంగ్ కదల్లేదు. "ఒక్కసారి లోపలికి తొంగిచూడవే. ఆ బండలన్నీ నేను పరిచినవే. ఆ మూల గుండ్రటి స్తంభం ఉందే, దాని చుట్టూ రాయి కోసి కూర్చోబెట్టేసరికి నా గోళ్ళూడాయి."

సూయే చూసింది. నల్లరాతి నేల మీద దీపాలు చెరువులో మెరిసినట్టు మెరుస్తున్నాయి. చాలాసేపు చూసింది.

"బాగా పరిచావు. పద."

అతనికి ఉసూరుమంది. ఆ నేల మీద పెళ్ళాన్ని ఒక్కసారైనా నడిపించాలని పని చేసిన నాటి నుంచీ కోరిక. ధర అడిగి ఉంటుంది, విని గుండె జారి ఉంటుంది అనుకున్నాడు. ఊళ్ళో ఉల్లికాడలు కొనాలన్నా నాలుగు బండ్లు తిరిగే మనిషి.

ఆ సాయంత్రం బీజింగ్ వీధుల్లో ఎటు చూసినా గులాబీలు పట్టుకున్న కుర్ర జంటలే. ఆకాశంలో ఏటికి చెరో ఒడ్డున ఉండిపోయిన ఆలుమగలు ఏడాదికోసారి కలుసుకునే పండగ అది. మన్‌చాంగ్ సంసారమూ ఇంచుమించు అంతే. పెళ్ళయిన మూడో నెల నుంచీ అతను నగరంలో బండలు పరుస్తాడు, ఆమె హెనాన్ పల్లెలో మొక్కజొన్న చేను చూసుకుంటుంది. కొత్త సంవత్సరానికి వెళ్ళడం, ఇంటి నీళ్ళు ఒంటికి పట్టేలోపు మళ్ళీ బండెక్కడం.

ఎన్నిసార్లు రమ్మన్నా రానిది, ఈసారి తనంతట తనే వస్తున్నానంది.

పొద్దున రైలు దిగగానే ఆమెను నూడుల్స్ కొట్టుకు లాక్కెళ్ళాడు. బండి దిగినవాళ్ళకు నూడుల్స్, బండెక్కేవాళ్ళకు కుడుములు. వాళ్ళ వైపు రివాజు. పొడుగాటి పోగులు కాళ్ళకు చుట్టుకుని మనిషిని నిలబెడతాయట.

"ఏటా నాకు కుడుములు పెట్టి సాగనంపావు. ఇవాళ నా వంతు. ఒక్క పోగు మిగల్చకు," అన్నాడు.

ఆమె సగం తిని కడుపు నిండిందంది.

తెచ్చిన సంచులు రెండు. పెద్దదాంట్లో అతని బట్టలన్నీ ఉతికి మడతపెట్టి ఉన్నాయి. చిన్నదాంట్లో ఆమెవి.

"ఇంత ఎండల్లో నా దూది కోటు మోసుకొచ్చావేమే?"

"అక్కడుండి అదేం చేస్తుంది? తాళంచెవి మీ వదినకిచ్చేసి వచ్చా."

ఆ మాటతో అతని కాళ్ళు నేల మీద ఆనలేదు.

రెండో హోటల్లో పియానో మోగుతోంది. సూయే గుమ్మంలో అడిగింది, తిరిగొచ్చేసింది. మూడోదాంట్లో బల్లబల్లకీ కొవ్వొత్తి. అక్కడా అంతే.

"ధరల గొడవ నీకెందుకే? ఇవాళ నేను మహారాజుని!"

"మహారాజా, చొక్కా గుండీ ఊడింది చూసుకో." సూయే తన జాకెట్టు నుంచి పిన్నీసు తీసి అతని చొక్కాకి పెట్టింది. "సూదీ దారం పెద్ద సంచి పక్క జేబులో ఉన్నాయి. కుట్టుకోవడం నేర్చుకో."

"నువ్వుండగా నాకెందుకా విద్య?"

సూయే పిన్నీసు సరిచేస్తూ ఉండిపోయింది.

నడిచి నడిచి ఒక సందులోకి వచ్చారు. నాలుగు బల్లల కొట్టు. బల్లల మీద ప్లాస్టిక్ గుడ్డలు. గుమ్మంలో ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. సూయే అడిగింది. పెద్దావిడ తలూపింది. సూయే పెద్దగా ఊపిరి వదిలింది.

"ఇక్కడ తిందాం."

"ఇక్కడా! మా కూలీలు కూడా ఇలాంటిచోట తినరే!"

"తినకపోతే మానెయ్. నిన్నేమన్నా చెయ్యిపట్టి లాక్కొచ్చామా?" అంది పెద్దావిడ.

"కోప్పడకు పిన్నీ. కొవ్వొత్తుంటే ఒకటియ్యి. ఇవాళ మాకూ పండగే."

"కరెంటు ఉండగా కొవ్వొత్తేంటి, ముసలి పెళ్ళికొడుకా!" అంటూనే ఒకటి తెచ్చి, బీరు సీసా మూతిలో గుచ్చి వెలిగించింది.

ఏం కావాలో సూయేనే లోపలికెళ్ళి చెప్పొచ్చింది.

"ఏం చెప్పావ్?"

"వస్తుందిగా."

ఇక మన్‌చాంగ్ ఆగలేకపోయాడు. "గది తీసుకున్నా. మేముండే షెడ్డు కాదు, వేరే గది. కిటికీ ఉంది. పనిలో మిగిలిన ముక్కలన్నీ తెచ్చి నేల నేనే పరిచా. నువ్వు పడుకునే వైపు ఒక పువ్వు కుదిరింది."

సూయే కొవ్వొత్తినే చూస్తోంది. "ఏం పువ్వు?"

"దానిమ్మ పువ్వు. ఎర్రరాయి దొరక్క ఎన్ని చోట్ల అడిగానో. రాత్రికి చూద్దువుగా."

ఆమె చెయ్యి చాచి అతని గోళ్ళు ఒక్కొక్కటే తడిమింది.

"ఎప్పుడో పరచాల్సింది," అంది మెల్లగా.

"ఇప్పుడైతే ఏమైందే? ఇంకా సగం బతుకు ఉంది."

పెద్దావిడ పెద్ద పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. ఆవిరి గుప్పున లేచి కొవ్వొత్తి వెలుగును మింగేసింది. మొదటి ముద్ద పెళ్ళానికే పెట్టాలని మన్‌చాంగ్ తినే పుల్లలు అందుకుని ముందుకు వంగాడు. అంతలో సూయే పళ్ళేన్ని తన ముందుకు జరుపుకుంది.

ఆవిరి పలచబడింది.

అందులో ఉన్నవి కుడుములు.