రెండో సర్వర్లో పేర్లు

కంప్యూటరు పనిలో యుగంధర్ చెయ్యి పెడితే సముద్రం కూడా వంక పెట్టలేదు. కావాలంటే శ్రీకాకుళమంతా అడగండి.

తుపానుకు వేట బోట్లు చెదిరిపోయినప్పుడు వెబ్‌సైటు పెట్టింది వాడే. ఎవరు ఎక్కడ ఒడ్డెక్కినా, చూసినవాళ్ళు అందులో ఆ మనిషి పేరు రాయాలి.

జనం ఎగబడ్డారు. సర్వరు మూలిగింది.

అచ్చం అలాంటిదే రెండోది నిలబెట్టి, వచ్చినవాళ్ళను రెండిటికీ పంచే లోడ్ బ్యాలెన్సరు ముందు పెట్టాడు.

"ఒరే యుగంధరూ, మీ మావ పేరు ఒచ్చినాదేటిరా?" గురమ్మ గుమ్మంలో కూర్చుని అడిగేది.

"నేదత్తా."

వేటకెళ్ళిన మావ కొండబాబు పేరు రాలేదు.

ఎవరో ఆడమనిషి మాత్రం ఫోన్ల మీద ఫోన్లు.

"బాబూ, నాను రాసిన పేర్లు ఒకపాలి అగుపడతన్నాయి, ఇంకోపాలి నేదు."

"రిఫ్రెష్ కొట్టమ్మా."

"కొట్టినాను బాబూ. పేర్లు నీకే సెప్పేత్తాను, రాసుకో..."

"అందరూ నాకే సెప్తే ఇంక సైటెందుకమ్మా?"

పెట్టేశాడు. ఆ తర్వాత ఆ నంబరు ఎత్తలేదు.

కొండబాబు బోటు చెక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పెద్దలు గురమ్మ గాజులు తీయించారు. ఆమె ఏడవలేదు. చేతుల్ని ఇంకెవరివో అన్నట్టు చూసుకుంది.

వారం తిరక్కుండా కొండబాబు ఆటో దిగాడు, తలకు కట్టుతో.

గురమ్మ బోసి చేతులతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"బరంపురం ఆసుపత్రిలో తెలివి నేకుండా పడున్నాన్రా. ఎవరో ఆడమనిషి నా సేతి పచ్చబొట్టు సూసి, పేరూ ఊరూ నీ దాన్లో రాసినాదట. సూడనేదేటిరా?"

యుగంధర్ సెట్టింగులు తెరిచాడు.

పేర్లు దాచే డేటాబేసు ఎక్కడుందంటే, ‘ఇక్కడే’ అని మొదటి సర్వర్లో రాసుకున్నాడు. ఆ ముక్కే రెండోదానికీ నకలు కొట్టాడు. రెండోదానికి ‘ఇక్కడే’ అంటే తన కొంపే. అటు వెళ్ళినవాళ్ళు రాసిందంతా అక్కడే పడి ఉంది. యుగంధర్ రోజూ చూసుకున్నది మొదటిదాన్ని.

వాడి పనికి వంక లేదన్నానా? ఆ కోత వెనక్కి తీసుకుంటున్నాను.

రెండోదాన్లో వరసగా పేర్లు, పక్కన ఏ ఆసుపత్రో. చాలా పేర్ల కింద, తను ఎత్తడం మానేసిన అదే ఫోన్ నంబరు.

ఆ నంబరుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నానే. రిఫ్రెష్ కొట్టమన్నోణ్ణి."

"పేర్లు అగుపడతన్నాయా బాబూ?"

"అగుపడతన్నాయి. ఆసుపత్రులన్నీ ఎందుకు తిరిగినావమ్మా?"

"మా ఆయన్ని ఎతుక్కుంటా తిరిగినాను. దొరికినాడులే."

‘దొరికినాడులే’ అన్న ఆ చివరి ముక్క మాత్రం ఆమె అనలేదు, నేను కలిపాను.