మూడో వైరు

అజమత్ రెండు స్విచ్చులూ ఆపేశాడు. అయినా బల్ల మీద, తాండూరు అని రాసిన బొమ్మ స్టేషన్లో నిలబడ్డ రైలు మెల్లగా కదిలి, జానెడు దూరం వచ్చి ఆగింది.

“బాల్‌రాజూ...” పాండురంగం పిలిచాడు. “చూసినవా అజమతూ? రోజు దీపాలు పెట్టే యాళ్లకు గిట్లనే. ఇగ నాతోని గాదు. నువ్వు బాగు చెయ్యకుంటే రేపు గొడ్డలి తీసుకొని పలగ్గొడ్త.”

ఆ రైలు ఆయన కొడుకు బాల్‌రాజ్ కట్టింది. రైల్వేలో ఫైర్‌మన్‌గా ఉండేవాడు. పోయినేడు వికారాబాద్ నుంచి డ్యూటీ మీద తాండూరు వెళ్లి, జ్వరమొచ్చి అక్కడే కన్నుమూశాడు. అతని గుర్తుగా మిగిలింది ఈ బల్లే. రేడియోలు బాగుచేసే అజమత్‌కు బాల్‌రాజ్ చిన్ననాటి దోస్తు. దాన్ని గొడ్డలి పాలు చేయడానికి అతనికి మనసొప్పలేదు.

బల్ల మీద వికారాబాద్ వైపు పట్టాలకు ఒక ట్రాన్స్‌ఫార్మర్, తాండూరు వైపుకు ఇంకొకటి. రెండు కరెంట్లూ కలవకుండా మధ్యలో ధారూరు దగ్గర పట్టా కోసి ఉంది. రెండూ ఆపేశాక బండి ఎట్లా కదులుతుంది? అజమత్‌కు భయమేసింది. అయినా బల్ల కింద దూరాడు.

మూడో వైరు కనబడింది. తాండూరు పట్టా నుంచి, గోడ కన్నంలోంచి వంటింట్లోకి పోతోంది.

వంటింట్లో పొయ్యి ముందు పాండురంగం భార్య ఇంద్రమ్మ కూర్చుని ఉంది. పక్కన గోడకు చిన్న రేకు డబ్బా, దాని మీద మీట.

“చాచీ, నువ్వేనా?”

“జర మెల్లగ, కొడుకా.” ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. “బువ్వ అయినంక నొక్కమని వాడే పెట్టిచ్చిండు. బండి కదుల్తే లేచొస్తుండె. ఇప్పుడు నొక్కితే మీ చాచా వాని పేరు వెట్టి పిలుస్తడు. గీ ఇంట్ల గా పేరు గప్పుడే వినవడ్తది. ఆయనకు చెప్పకు.”

అజమత్ భయమంతా దిగిపోయింది. దాని చోట్లో దుఃఖం వచ్చి కూర్చుంది.

“చెప్ప చాచీ. వైర్లు ఒకదానికొకటి తాకుతున్నయని చెప్త. చాచాను బల్ల మీద చెయ్యి వెయ్యనియ్య. ఏదీ, ఒక్కసారి నొక్కు.”

ఇంద్రమ్మ నొక్కింది. ముందు గదిలోంచి “బాల్‌రాజూ...” అన్న పిలుపు వినబడింది.

“మంచిగనే నడుస్తున్నది. డబ్బా లోపలి బ్యాటరీ సెల్లు మార్చి పోత. పాతబడి ఉంటయి.”

“నాకేం ఎర్క? డబ్బా నేను ఎన్నడు ఇప్పలే. ఆఖరుసారి ఇప్పింది వాడే. టార్చి వెలుగుతలేదని పరేషాన్ అయి, దీని కాడ ఏందో చేసుకొని, ఉరుక్కుంట డ్యూటీకి పొయిండు.”

అజమత్ మరలు తిప్పి మూత తీశాడు.

డబ్బా ఖాళీగా ఉంది.