ముత్తమ్మ తారీఖు

ముత్తమ్మ పేరు మీద ఫోను వచ్చింది. ఆపరేషన్ సోమవారం. ఇవాళే వచ్చి చేరాలి. రాకపోతే ఆ తారీఖు వేరేవాళ్లకు పోతుంది.

విన్నాక సీతారాములుకు ఏమీ అనిపించలేదు. ఫైలు చంకలో పెట్టుకుని మన్సూరాబాద్‌లో ఇంటికి తాళం వేశాడు. సకల జనుల సమ్మె. బస్సులు లేవు. దవాఖాన దిల్‌సుఖ్‌నగర్‌లో. నడక తప్పదు.

గుండెలో వాల్వు సన్నబడిందని తెలిసి మూడేళ్లయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో కూరకు ఉప్పు లేదు. ఆరు నెలలకోసారి పరీక్ష. “ఇప్పుడే కోయొద్దు. అట్లని ఆలస్యమూ చేయొద్దు. ఎప్పుడో మేమే చెబుతాం.” డాక్టరుది ప్రతిసారీ అదే మాట. మొదట్లో భయమేసేది. తర్వాత అదీ పోయింది.

ఫైలు మీద ఒక్క అక్షరం మార్చినా వరుస మళ్లీ మొదటినుంచే అని దవాఖాన కిటికీ దగ్గర అప్పుడే చెప్పారు. తప్పంతా పెళ్లాం ముత్తమ్మది. ఒక్క మాట చెప్పాల్సిన చోట చెప్పలేదు. దానికి ఆమెను ఆయన ఇప్పటికీ క్షమించలేదు.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దీక్ష టెంటు. వాళ్ల ఊరి భిక్షపతి మెడలో దండతో కూర్చుని ఉన్నాడు.

“సీతారాములు బావా, జర కూసోని పో. ఎప్పుడిస్తరట?”

“ఏది? తెలంగాణనా, ఆపరేషనా?”

“ఏదిచ్చినా మంచిదే.”

“ఆపరేషన్‌కు తారీఖిచ్చిండ్రు.”

“ఇంకేంది మరి! ఢిల్లోళ్ల కంటె నీ డాక్టర్లే నయం. ఒక్కనివే పోతున్నవా?”

“నా ఎంబడి ఎవరొస్తరు?”

నీళ్లు తాగి లేచాడు. కొత్తపేటలో ఒకసారి ఆగాడు. చైతన్యపురిలో రెండుసార్లు, మూసిన షాపుల మెట్ల మీద.

దవాఖాన కిటికీలో కొత్తమ్మాయి. ఇంద్రాణి అని మెడలో కార్డు. మాట కోస్తాది. ఫైలు తిరగేసి ఆయన వెనక్కి చూసింది.

“ముత్తమ్మగారు ఏరండీ? ఆవిడ ఇక్కడ వేలిముద్ర వెయ్యాలి.”

“ఆమె పోయి ఏడాదైంది.”

ఇంద్రాణి నాలుక కరుచుకుంది. “అయ్యో! ఫోన్ చేసినప్పుడే చెప్పొచ్చు కదండీ బాబాయ్‌గారూ. ఎండలో ఇంతదూరం నడిచొచ్చారు.”

సీతారాములు కిటికీ గట్టు మీద చేతులానించాడు. ఇంకా ఊపిరి కూడలేదు.

“మరి ఈ తారీఖు వేరేవాళ్లకి ఇచ్చేస్తానండీ,” అంటూ ఆమె ముత్తమ్మ పేరు మీద గీత గీయబోయింది.

సీతారాములు కిటికీలోంచి చెయ్యి పెట్టి పెన్ను పట్టుకున్నాడు.

“జర ఆగు బిడ్డా, పేషెంటు పేరేందని నాడు మీరడిగితే మొగని పేరు నోటితోని చెప్పొద్దని తన పేరు రాపిచ్చింది గాని, గుండె నాది.”